ఉప్పు చూసే నాలుక

మరియం బీ గంటె పట్టుకుని పొయ్యి మీది పెద్ద దేగిశ దగ్గరికి వచ్చిందంటే వంటపందిట్లో మాటలు ఆగిపోయేవి. ఉల్లిగడ్డలు కోసే ఆడవాళ్లు చేతులు ఆపేవారు. కట్టెలు ఎగదోసే కొడుకు జాకీర్ పొయ్యి ముందు నుంచి పక్కకు జరిగేవాడు. ఆమె గంటెడు పులుసు తీసి, ఊది, ఎడమ అరచేతిలో పోసుకుని నోట్లో వేసుకునేది. కాసేపు కళ్లు మూసుకునేది. "బస్" అన్నదంటే ఉప్పు సరిపోయినట్టు. ఏమీ అనకుండా కుడి చేయి చాపితే ఉప్పు డబ్బా ఆ చేతి కిందికి రావాలి. జఫర్‌గఢ్ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి మర్నాటి దావత్‌కు బగార అన్నం, పప్పుతో చేసే దాల్చా పులుసు, మటన్ కూర ఎవరు వండినా తింటారు. ఈ ఇంటివాళ్లు వండితే మాత్రం పొగుడుకుంటూ తింటారు. ఆ పొగడ్తలో సగం ఉప్పుదే.

ఆ పనితనం మొదట ఆమెది కాదు, భర్త ఫకీర్ అహ్మద్‌ది. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. ఆమె అప్పట్లో గంటె అందించే మనిషి. ఆయన రుచి చూసి తలూపేదాకా ఊపిరి బిగబట్టి పక్కనే నిలబడేది. ఆయనకు అనుమానం లేకపోయినా ఆమెకు తీరేది కాదు. "ఇంకోసారి చూడుండ్రి" అనేది. ఆయన నవ్వి ఇంకోసారి చూసేవాడు. దావత్ రోజు ఆ మనిషి కూర్చుని ఒక ముద్ద తినగా ఎవరూ చూడలేదు. పొద్దంతా పొగలో, మసాలా ఘాటులో నిలబడ్డవాడికి ఆకలి ఎక్కడిది? ఇంటికొచ్చి ఇంత పెరుగన్నం తిని పడుకునేవాడు. నెమ్మదస్తుడు. కూర అడుగంటినా ఎవరినీ తిట్టి ఎరగడు.

అలాంటి మనిషి ఓ వేసవిలో, డోర్నకల్ దగ్గర ఒక రైల్వే ఉద్యోగి కూతురి దావత్‌లో, దాల్చా కలుపుతూ కలుపుతూ గంటె జారవిడిచాడు. వంగి తీసుకోబోయి తీసుకోలేక అక్కడే కూలబడ్డాడు. నోరు ఒక పక్కకు లాగింది, మాట ముద్దగా వచ్చింది. చుట్టూ పొయ్యిలు మండుతున్నాయి, పైన మే నెల ఎండ. ఇది వేడి తగలడం కాక ఇంకేమవుతుందని అందరూ అనుకున్నారు. చెట్టు నీడకు మోసుకుపోయారు, నెత్తిన నీళ్లు చల్లారు, ఉల్లిగడ్డ నలిపి వాసన చూపించారు. మరియం బీ నిమ్మకాయ పిండి, ఉప్పు కలిపి, ఆ నీళ్లు చెంచాతో ఆయన నోట్లో పోసింది. సగం నీళ్లు పెదవి మూల నుంచి కారిపోయాయి. ఆమె తుడిచి మళ్లీ పోసింది. జర చల్లబడితే లేస్తాడని చూస్తూ చూస్తూ ఉండగానే పొద్దు వాలింది.

అప్పుడు పెద్ద దవాఖానకు తీసుకెళ్తే అక్కడి డాక్టరు, బీపీ విపరీతంగా పెరిగి మెదడులో నరం చిట్లిందన్నాడు. ఇదివరకు గోలీలు ఏమైనా వాడేవాడా అని అడిగాడు.

"ఆయనకు బీపీ ఎందుకుంటది సారు," అన్నది మరియం బీ. "కోపమే లేని మనిషి."

కోపిష్టివాళ్లకే బీపీ వస్తుందని మన దగ్గర ఎవరు తీర్మానం చేసి పెట్టారో కానీ, ఆ తీర్మానం నెమ్మదస్తులను చాలామందిని మట్టి చేసింది. ఫకీర్ అహ్మద్ మర్నాడు పోయాడు.

ఏమైందని అడిగిన వాళ్లందరికీ ఆమె ఎండదెబ్బ అనే చెప్పింది. సగం అదే నిజమని నమ్మింది. మిగతా సగం భయం. వంటవాడు బీపీతో పోయాడంటే, వీళ్ల వంటలో ఉప్పు ఎక్కువనే పేరు పడుతుంది. పేరు పోతే దావత్‌లు పోతాయి. జాకీర్‌కు వంట చేతికి రాలేదు. మోయడం, మండించడం వరకే వాడి పని. కాబట్టి నలభై రోజుల ఫాతిహా అయ్యాక ఆమే గంటె పట్టుకుంది. ఆడమనిషి ఉస్తాదేమిటని రెండు మూడు ఊళ్లవాళ్లు నసిగారు. కూర తిన్నాక నసగడం మానేశారు.

అట్లా కొన్నేళ్లు గడిచాయి. పోయినేడు బతుకమ్మ పండుగ వెళ్లాక పల్లె దవాఖాన నర్సు తేజస్విని ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్లకు బీపీ చూస్తూ వీళ్ల ఇంటికీ వచ్చింది. ఆ ఊరి పిల్లే. చిన్నప్పుడు వీళ్ల గోడ పక్కన ఆడుకున్నది. మరియం బీ చేయి చాపి, పట్టీ బిగుసుకుంటుంటే కోడలు జువేరియాకు ఏదో పని పురమాయిస్తూనే ఉంది.

తేజస్విని ఒకసారి చూసింది. కాసేపు కూర్చోబెట్టి, మాట్లాడవద్దని చెప్పి, రెండోసారి చూసింది. "నూట ఎనభై మీద నూట పది ఉంది చాచీ. తల నొస్తదా? కండ్లు మసకలు అయితయా?"

"ఏం లేదు బిడ్డా. రాయి లెక్క ఉన్న."

"ఏం లేకుంటనే ఉంటది చాచీ. గదే దాంతోని పరేషాన్."

మరియం బీకి అది తలకెక్కలేదు. నొప్పి లేని రోగం ఏమిటి? తేజస్విని అటూ ఇటూ చూసి, వాకిట్లో బోర్లించిన దేగిశను చూపించింది. "దమ్ పెట్టినంక మూత చుట్టూ పిండి అద్దుతరు గదా. బయటికి సప్పుడు ఉంటదా? లోపల ఆవిరి ఒత్తుతనే ఉంటది. మన నరాలల్ల రక్తం గట్లనే ఒత్తుతది. బయటికి తెల్వదు. ఏండ్ల సంది ఒత్తంగ ఒత్తంగ నరాలు గట్టివడతయి, గుండె ఉబ్బుతది, కిడ్నీలు ఖరాబైతయి, కండ్లు పోతయి. ఏడ బలం లేకుంటే ఆడ పగులుతది."

పగులుతది అన్న మాట దగ్గర మరియం బీ చూపు దేగిశ మీద నుంచి కదల్లేదు. డోర్నకల్ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

మండలంలో పెద్ద డాక్టరుకు చూపించి గోలీలు రాయించారు. ఉప్పు తగ్గించాలని తేజస్విని గట్టిగా చెప్పింది. మామిడికాయ తొక్కు తింటావా అంటే లేదన్నది. అప్పడాలు? లేదు. ఎండుచేపలు? ఎప్పుడో ఒకసారి. అన్నీ నిజాలే. ఆ రోజు నుంచి మరియం బీ తన వాటా కూర ఉప్పు వేయకముందే వేరే గిన్నెలోకి తీసుకునేది. జువేరియాది కాటారం దగ్గర అడవి అంచు ఊరు. అత్తమీద కనికరం ఉన్న పిల్ల. అత్త ఒక్కతే చప్పటి కూడు తింటుంటే చూడలేక తన కంచంలోనూ ఉప్పు తగ్గించుకుంది.

ఇంత చేసినా బీపీ దిగలేదు. నెల నెలా తేజస్విని పట్టీ కట్టేది, మొహం ముడుచుకునేది. డాక్టరు రెండో గోలీ కలిపాడు. ఒంట్లో ఎక్కువైన నీళ్లను, ఉప్పును మూత్రంలో పంపే గోలీ అది.

ఇక్కడే మరియం బీ ఎవరికీ చెప్పని పని ఒకటి చేసింది. దావత్ అంటే చీకటితోనే పొలంలోనో, పెళ్లివారి ఇంటి ముందో పొయ్యిలు పెట్టాలి. మగవాళ్లు గట్టు చాటుకు పోయి వస్తారు. ఆడవాళ్లు ఎక్కడికి పోవాలి? పెళ్లింట్లో బాత్రూం ముందు చుట్టాల వరస ఉంటుంది. పొగచూరిన చీరతో వంటమనిషి ఆ వరసలో నిలబడితే చూసే చూపులు ఆమెకు తెలుసు. అందుకని వంటకు వచ్చే ఆడవాళ్లందరూ పొద్దున్నుంచి గొంతు తడుపుకోవడం కూడా తగ్గిస్తారు. ఇక మాటిమాటికీ పోవాల్సిన గోలీ వేసుకుని ఎవరు వస్తారు? రెండు గోలీలలో ఏది ఆ పని చేస్తుందో ఆమెకు గుర్తులేదు. దావత్ ఉన్న రోజు రెండూ మానేసేది. పెళ్లిళ్ల కాలంలో దావత్ లేని రోజులే తక్కువ.

"గోలీలు మంచిగ వేసుకుంటున్నవా చాచీ?" అని అడిగితే, "వేసుకుంటున్న" అనేది. ఇంట్లో ఉన్న రోజుల్లో వేసుకుంటున్నది కాబట్టి అది అబద్ధంగా ఆమెకు తోచలేదు.

మాఘమాసంలో జనగామలో పెద్ద దావత్ ఒకటి వచ్చింది. ఫంక్షన్‌హాల్లో ఎరువుల దుకాణం రాజమౌళి కొడుకు పెళ్లి. ఉస్తాద్ కాలం నుంచి ఆ ఇంటికి వండేది వీళ్లే. మరియం బీ దాల్చా నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. ఉప్పు కొట్టొచ్చినట్టు తగిలింది. ఉప్పు డబ్బా కోసం అలవాటుగా చాపిన చేయి వెనక్కి తీసుకుని "బస్" అన్నది. జువేరియా ఏదో అనబోయి ఆగింది.

మొదటి బంతి సగమయ్యేసరికి రాజమౌళి స్వయంగా వెనక్కి వచ్చాడు. అరిచి ఉంటే బాగుండేది. ఆయన పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. "నీ మీద మాట రానియ్యను మరియంబీ. గని దాల్చల ఉప్పు లేదమ్మా. కూరల గూడ అంతే."

ఆమె తలుపు సందులోంచి హాల్లోకి చూసింది. వడ్డించేవాళ్లు ఒక్కో బల్ల మీదా చిన్న గిన్నెల్లో ఉప్పు పెట్టుకుంటూ పోతున్నారు. ఈ ఇంటి వంటకు బల్ల మీద ఉప్పు పెట్టడం ఉస్తాద్ బతికుండగా ఒక్కసారి కూడా జరగలేదు. తినేవాళ్లు ఆ గిన్నెలో వేళ్లు ముంచి, కంచంలో చల్లుకుని, కలుపుకుని తిన్నారు. ఆమెకు మాత్రం వాళ్లు ఆ ఉప్పును తన మొహాన చల్లినట్టే అనిపించింది.

 ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటుండగా జువేరియా మెల్లగా అన్నది. "అమ్మీ, ఇంట్ల చప్పటిది తిని తిని నీ నాలుకకు జరంత ఉప్పు కూడ మస్తు తెలుస్తున్నది. ఇగ నేను చూస్త ఉప్పు."

"నువ్వు గూడ చప్పటిదే తింటున్నవ్ గదనే."

"నేను పూరాగ మానలే అమ్మీ. నాకు తెలిసింది తక్కువైందని. చెప్పనీకి భయమైంది."

"ఉప్పు చూసే నాలుక ఇంటికి ఒక్కటే ఉంటది," అన్నది మరియం బీ కటువుగా. ఆ రాత్రి తన కంచంలో తానే ఉప్పు చల్లుకుంది. నాలుకను మళ్లీ దారికి తెచ్చుకోవాలనుకుంది. తర్వాతి దావత్‌లలో ఒకసారి చూసే చోట నాలుగుసార్లు చూసింది. అరచేయి నిండా పోసుకుని మింగి చూసింది. ఉప్పు మళ్లీ సరిగ్గా కుదిరింది. దాంతోపాటు మెడ వెనక బరువు మొదలైంది. ఒకరోజు సూదిలో దారం ఎక్కించబోతే సూదే కనిపించలేదు. ఎవరికీ చెప్పలేదు. గోలీలు వదిలేస్తే ఏమవుతుందో అన్న భయం ఒక వైపు, గంటె వదిలేస్తే ఇల్లు ఎట్లా నడుస్తుందన్న భయం ఇంకో వైపు. రెంటిలో పెద్ద భయం గంటెదే.

అంతలో రంజాన్ నెల వచ్చింది. ఆ ఉపవాస నెలలో వీళ్లు పెళ్లి వంటలు ఒప్పుకోరు కాబట్టి దావత్‌లు ఆగిపోయాయి. తేజస్విని చెప్పినట్టు ఇఫ్తార్ అయ్యాక గోలీలు వేసుకుంది. ఇంట్లోనే ఉండడం కాబట్టి ఒక్కరోజూ తప్పలేదు. మసీదులో ఇఫ్తార్‌కు దాల్చా, గంజి వండి పంపడం ఉస్తాద్ కాలం నుంచీ ఉన్న అలవాటు. ఆమె రోజా ఉపవాసంలో ఉండే ఆ వంట వండింది.

పండుగ వెళ్లిన వారం, సేమియా పాయసం గిన్నె పట్టుకుని పల్లె దవాఖానకు పోయింది. తేజస్విని పట్టీ కట్టి చూసి, నమ్మకం కుదరక మళ్లీ చూసింది.

"నూట ముప్పై రెండు చాచీ. ఏం చేసినవ్ ఈ నెల?"

"ఏం చేయలే. రోజాలున్న."

"గోలీలు?"

"దినాం వేసుకున్న." మరియం బీ ఆగింది. దినాం అన్నమాట అన్నాక వెనకటి సంగతి దాచడం ఇక ఆమె వల్ల కాలేదు. దావత్ రోజుల్లో ఎందుకు మానేసిందో, తల దించుకుని చెప్పేసింది. తేజస్విని కోప్పడలేదు. ఆడదే కాబట్టి ఆ కష్టం ఆమెకు వివరించనక్కర్లేదు.

"మసీదుకు వండినవ్ గదా," అన్నది తేజస్విని పాయసం మూత తీస్తూ. "రోజాల ఉండి ఉప్పెట్ల చూసినవ్ మరి?"

"నాలుక కొసకు పెట్టుకుని ఉమ్మేస్తం బిడ్డా. మింగొద్దు. వండేటోళ్లకు గట్ల చూస్తే రోజా ఇరగదు. నాలుకతోని చూసుడు తిన్నట్టు కాదు. ఉస్తాద్ గట్లనే చెప్పేటోడు."

"దావత్ల కూడ గట్లనే ఉమ్మేస్తవా?"

"అయ్యో, దావత్ల ఎవలన్న ఉమ్ముతరా? పెండ్లి కూర అది. మింగుతం."

తేజస్విని చెంచా కింద పెట్టింది. "ఎన్నిసార్లు చూస్తవ్ చాచీ? ఒక దావత్ల?"

మరియం బీ లెక్క చెప్పబోయింది. దాల్చా ఉడికేటప్పుడు, చింతపండు పోశాక, పోపు పెట్టాక. కూర మొదట, నడుమ, చివర. బగారకు ఎసరు ఉప్పు కషాయంలా ఉండాలి, లేకపోతే బియ్యానికి పట్టదు. దాన్నీ చూడాలి. ఒక్కో దేగిశ అన్నిసార్లు, దేగిశలు అన్ని. చెప్తూ చెప్తూ ఆమె గొంతు నెమ్మదించింది. తొక్కు తింటావా అంటే లేదన్నది. అప్పడం తింటావా అంటే లేదన్నది. నాలుకతో చూసింది తిన్నట్టు కాదని ఉస్తాద్ పక్కన నిలబడిన నాటి నుంచి మనసులో పడిపోయిన మాట. అది ఉమ్మేసే రోజాకే గానీ మింగే దావత్‌కు చెల్లదని ఇన్నేళ్లలో ఆమెకూ తట్టలేదు, ఆ మాట చెప్పిన ఆయనకూ తట్టలేదు.

ఆయన. ముప్పై ఏళ్లు అరచేతిలో పోసుకుని మింగినవాడు. ముద్ద ముట్టలేదు, ఉప్పులో మునిగాడు. పక్కన నిలబడి, ఇంకోసారి చూడుండ్రి అన్నది తానే.

పెద్ద దవాఖాన డాక్టరు నరం చిట్లిందన్న మాట మొదటిసారి బయటపెట్టి, "ఆయన గూడ గిట్లనే పోయిండా బిడ్డా?" అన్నది.

తేజస్విని ఆమె దగ్గరికి జరిగింది. "ఉప్పు ఒక్కటే అని చెప్పరాదు చాచీ. ఎన్నో కలుస్తయి. గని ఆయనకు బీపీ ఉన్నదని ఎవ్వరు చూడలే. ఎన్నడన్న చేయి చాపి ఉంటే తెలుస్తుండె."

మరియం బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే చాలాసేపు కూర్చున్నది. డోర్నకల్‌లో ఏడ్చినప్పుడు ఏమైందో తెలియక ఏడ్చింది. ఇప్పుడు తెలిసి ఏడ్చింది. తెలిసి ఏడవడమే కష్టంగా ఉంది.

వైశాఖంలో జఫర్‌గఢ్ అవతలి ఊళ్లో బాలనర్సమ్మ కూతురి పెళ్లి దావత్ ఒప్పుకున్నారు. పెళ్లివారి ఇల్లు ఊరి మొదట్లో, ఆ ఊరి పల్లె దవాఖానకు నాలుగిళ్ల ఇవతల. పొద్దున సామాను దించగానే మరియం బీ పొయ్యిల దగ్గరికి పోలేదు. కొంగు సర్దుకుని పెళ్లికూతురి తల్లి బాలనర్సమ్మ దగ్గరికి పోయింది.

"అక్కా, పొయ్యి ముట్టియ్యకముందు ఒక్క మాట. మా ఆడోళ్లకు బాత్రూం చూపియ్యి. పొద్దుగూకేదాక మేము పోవాలె, రావాలె."

బాలనర్సమ్మ ఆశ్చర్యపోయింది, ఇన్నేళ్లలో వంటమనుషులెవరూ ఆ మాట అడగలేదు. అయినా కాదనలేదు. పశువుల కొట్టం పక్కన ఉన్నదానికి తాళం తీసి, బకెట్ పెట్టించింది. మరియం బీ చాయ్ తాగి, కొంగున కట్టుకున్న గోలీలు రెండూ అందరి ముందే వేసుకుని అప్పుడు పొయ్యి ముట్టించమంది.

దాల్చా ఉడుకు పట్టింది. చింతపండు పడింది, పోపు పడింది. ఉల్లిగడ్డలు కోసేవాళ్లు చేతులు ఆపారు. జాకీర్ పక్కకు జరిగాడు. మరియం బీ గంటె తీసుకుంది. ఉస్తాద్ చేతిలో అరిగిన కొయ్య పిడి. చాలాసేపు దాన్ని అట్లాగే పట్టుకుని నిలబడి, కోడలి వైపు చాపింది.

"నువ్వు చూడు."

జువేరియా చేయి వెంటనే రాలేదు. "అమ్మీ, నేనా?"

"ఇగ నువ్వే. నాలుక కొసకు పెట్టుకో. మింగకు." ఆమె మంచినీళ్ల చెంబు, ఖాళీ తట్ట ఒకటి కోడలి ముందు పెట్టింది. "రోజా ఉన్నా లేకున్నా గిదే మన రివాజు."

జువేరియా పులుసు నాలుకకు తాకించుకుంది, తట్టలో ఉమ్మింది. సరిగ్గా అప్పుడే బాలనర్సమ్మ పందిట్లోకి వచ్చింది. ఆమె మొహం మాడిపోయింది.

"ఇదేంది మరియంబీ? మా బిడ్డ పెండ్లి కూర ఉమ్మేస్తున్నరా? ఇది శుభమా? ఉస్తాద్ ఎన్నడన్న గిట్ల చేసిండా?"

 జువేరియా గంటె దించి అత్త వైపు చూసింది. జాకీర్ గబగబా ముందుకొచ్చాడు, ఏదో ఒకటి చెప్పి సర్దిపుచ్చుదామని. మరియం బీ వాడిని చేత్తో ఆపింది.

"చేయలే అక్కా. చేయలే కాబట్టే పోయిండు," అన్నది. "ఆయనకు తాకింది ఎండదెబ్బ కాదు. నేను అందరికి అబద్ధం చెప్పిన. బీపీ ఎక్కి తల్కాయల నరం పగిలింది. దినమంత ఉప్పు మింగిండు, ఒక్కనాడు బీపీ చూపించుకోలే. నాకు గూడ ఉన్నది. నా కోడలికి రావొద్దని ఉమ్మిస్తున్న. మీ కూరకు ఏం తక్కువ చేయం. కోపమొస్తే నన్ను తిట్టు."

 పేరు పోతే పోనీ అనుకుని చెప్పిన మాట కాదు అది. పేరు పోతుందన్న భయం అప్పటికీ గుండెల్లో ఉంది. అయినా ఆ మాట బయటపడ్డాక ఇన్నేళ్ల బరువు కొంచెం దిగినట్టయింది. బాలనర్సమ్మ తట్ట వైపు చూసింది, జువేరియా వైపు చూసింది, లోపలికి వెళ్లిపోయింది.

"ఇంకో పిడికెడు పడుతది అమ్మీ," అన్నది జువేరియా చిన్నగా.

మరియం బీ పులుసు రంగు చూసి, వాసన చూసి సరిపోయిందనే అనుకుంది. తన లెక్కకైతే బస్. అయినా ఉప్పు డబ్బా తీసి కోడలి చేతి కింద పెట్టింది.

బంతులు సాగాయి. బల్లల మీద ఉప్పు గిన్నె కనిపించలేదు. ఉప్పు కావాలని ఎవరూ అడగలేదు. రెండో బంతి లేస్తుండగా బాలనర్సమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి గొంతులో కోపం లేదు.

"మరియంబీ, మా ఆయన పొద్దటి సంది మెడ వెనక నొస్తుందంటుండు. వాకిట్ల కూసుండు. పెండ్లి పని, ఎండ, గందుకే అనుకుంటున్న. నిమ్మకాయ నీళ్లల్ల ఇంత ఉప్పేసి ఇద్దామని వచ్చిన. జర ఇస్తవా?"

మరియం బీ అప్పుడు బగార దేగిశ మూత పట్టుకుని ఉంది. మూత కింద పెట్టింది. వాకిట్లో కుర్చీలో, కొత్త ధోవతిలో, పెళ్లికూతురి తండ్రి ఉప్పలయ్య ఒక చేత్తో మెడ పట్టుకుని వచ్చేపోయే చుట్టాలకు తలూపుతున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు.

"నేను గూడ పొయ్యి వేడే అనుకున్న అక్కా," అన్నది. "నేను గూడ ఉప్పు నీళ్లే కలిపిన."

బాలనర్సమ్మ చేతిలో నిమ్మకాయ అట్లాగే ఉండిపోయింది.

వడ్డన నడుస్తుండగా పొయ్యి విడిచిపోవడం ఆమె ఎన్నడూ చేయలేదు, ఉస్తాద్ చేయనీయలేదు. ఇప్పుడు "జువేరియా, చూసుకో" అని మాత్రం అన్నది. వాకిట్లోకి పోయి, ఉప్పలయ్య చేయి పట్టుకుని లేపింది. చుట్టాలు చూస్తుండగా, ఒక పక్క ఆమె, ఒక పక్క బాలనర్సమ్మ, ఆయన్ని పల్లె దవాఖాన వైపు నడిపించారు. "ఏం లేదమ్మా, బంతి అయినంక పోదాం" అని ఉప్పలయ్య దారంతా అంటూనే ఉన్నాడు. మరియం బీ చేయి విడవలేదు.